తాళం స్విచ్చూ, సరళ చెయ్యీ

పొద్దున కారు తాళం కోసం వెళితే ఆ ఇంట్లో ఎవరూ డ్రైవర్ సరళ చేతికి తాళం ఇవ్వరు. వరండా కిటికీ గూట్లో పెడతారు. ఆమే తీసుకోవాలి. సాయంత్రం మళ్లీ అదే గూట్లో పెట్టి పోవాలి. ఇనుము చేతి నుంచి చేతికి మారితే ఇద్దరి మధ్య తగాదా వస్తుందని ఇంటావిడ నిర్మలాదేవి గారి నమ్మకం. ఉప్పు, మిరపకాయలు, ఇనుము చేతికివ్వకూడదని వాళ్ల అమ్మమ్మ చెప్పిందట. పెద్దల మాట, కాదనడానికి మనమెవరం! కాకపోతే అదే నిర్మలాదేవి గారు, అన్న కొడుకు రాజు వచ్చి బైకు అడిగితే, తాళం తెచ్చి అతని అరచేతిలో పెట్టి, జాగ్రత్త నాన్నా అంటూ వేళ్లు కూడా ముడుస్తారు. బైకు తాళం ఇనుముది కాదేమో. తండా నుంచి వచ్చిన చెయ్యి తగిలేటప్పుడు మాత్రమే తాళం ఇనుమవుతుందేమో.

సరళ ఈ తేడా చేరిన మొదటి వారంలోనే కనిపెట్టింది. కనిపెట్టి, గూట్లోంచి తాళం తీసుకుని, నమస్కారం పెట్టి, కారు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

ఆమెది చండ్రుగొండ అవతల, పత్తి చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న లంబాడా తండా. తండ్రి గోప్యా పెద్ద రైతుల దగ్గర ట్రాక్టర్ నడిపి బతికాడు. కొడుకులకు నేర్పుదామని చూశాడు గాని వాళ్లు నిద్ర లేచేవాళ్లు కాదు. సద్దిగిన్నె పట్టుకుని మడ్‌గార్డు మీద కూర్చుని వచ్చే కూతురు మాత్రం తండ్రి కాళ్లూ చేతులూ చూస్తూ ఉండేది. ఒకనాడు గోప్యా ఇప్పచెట్టు కింద కునుకు తీస్తుంటే, సగంలో ఆగిన ట్రాక్టర్ ఎక్కి మిగతా చేను దున్నేసింది. లేచి చూసి ఆయన తిట్టలేదు. సాలు వంకర పోయిందని మాత్రం అన్నాడు. మర్నాడు నిటారుగా దున్నింది.

పెళ్లయింది, పిల్లలు పుట్టారు. భర్త తిరుపతి మణుగూరు వైపు బొగ్గు లారీల మీద పనికి కుదిరాడు. కొన్నేళ్లకు ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పుతామని కొత్తగూడెంలో ఒక శిక్షణ పెడితే, తండా మొత్తంలో సరళ ఒక్కతే పోయింది. శిక్షణ అయ్యాక వేదిక ఎక్కించి, నిలువెత్తు తాళం బొమ్మ ఒకటి ఇచ్చి ఫొటో తీశారు. అది అట్టతో చేసిన తాళం. కాబట్టి చేతికే ఇచ్చారు. ఫొటో పేపర్లో వచ్చింది. పని మాత్రం రాలేదు. స్కూలు వ్యాన్ల వాళ్లు, ట్రావెల్స్ వాళ్లు ఆమె లైసెన్సును అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటో బాగా వచ్చిందమ్మా అని తిరిగి ఇచ్చేశారు.

చివరకు ఆమెకు బండి దొరికింది కూడా ఆమె మీద ప్రేమతో కాదు. మండలంలో ఒక సర్కారు ఆఫీసు కిరాయికి కారు తీసుకోవాలనుకుంది. ఆడ డ్రైవర్ ఉన్న బండికి ముందు అవకాశం అని ఆ ఏడు ఒక షరతు పెట్టారు. ఆ షరతు చదివిన సాయంత్రమే వెంకటప్పయ్య గారు తండా దారి పట్టారు. ఆయన నిర్మలాదేవి గారి భర్త. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి తల్లాడ దగ్గరికి భూములు కొనుక్కుని వచ్చిన కుటుంబం. ఈయన తరానికి పత్తి, మిర్చి వ్యాపారం తోడై, చండ్రుగొండలో మేడ లేచి, ఆఫీసులకు కార్లు తిప్పే పని కూడా కలిసింది. గోప్యా వేసిన మంచం మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు పక్కన పెట్టి, నీ కూతురు నా కూతురు లాంటిదయ్యా అన్నారు. కారు ఆఫీసుకు కుదిరింది. సరళ డ్రైవరైంది. ఆ తండాలో పుట్టి కారు స్టీరింగ్ పట్టిన మొదటి మనిషి ఆమె. ఆమె చేతిలో ఆ కారు పది కాలాలు తిరిగితే తరువాతి అమ్మాయికి దారి ఉంటుంది. ఆ కారుతో పేరు చెడితే, ఈ చుట్టుపక్కల ఏ ఆడమనిషికీ ఎవరూ స్టీరింగ్ ఇవ్వరు. ఈ సంగతి సరళకు తెలుసు. అందుకే గూట్లో తాళం పెట్టినా నోరెత్తలేదు.

ఇక ఆ తాళం వైభవం చెప్పుకోవాలి. కారు కొన్నప్పుడు భద్రాచలం తీసుకెళ్లి పూజ చేయించి, తాళానికి విల్లంబుల బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ల తగిలించారు. ఇంతవరకు అందరూ చేసేదే. నిర్మలాదేవి గారు అక్కడ ఆగలేదు. వాళ్లింట్లో తాళం చెవి పారేయరు. తల్లాడలో పడగొట్టిన పాత ఇంటి తాళాలు, మూతబడ్డ రైసు మిల్లు తాళాలు, అమ్మేసిన తోటలో మోటారు గది తాళం, అన్నీ ఒక ఇత్తడి రింగులో ఉన్నాయి. పారేస్తే ఇంటి లక్ష్మి అలుగుతుందని, బీరువాలో పెడితే ముక్కిపోతుందని, తిరిగే బండిలో ఉంటే లక్ష్మి కూడా తిరుగుతూ వృద్ధి అవుతుందని ఆమె ఆలోచన. కాబట్టి పూజ అయిన కారు తాళాన్ని ఆ రింగులోకే ఎక్కించారు. తలుపులు ఎప్పుడో చెదలు పట్టి పోయాయి. తాళాలు మాత్రం సర్కారు కారులో రోజూ ఊరేగుతున్నాయి.

అది చాలదన్నట్టు ఆఫీసు సారు ఉదయ్ భాస్కర్ తన వంతు కలిపాడు. ఆయనకు తన సిబ్బంది మీద నమ్మకం లేదు. తను లేనప్పుడు ఎవరైనా బీరువా తెరుస్తారని భయం. అందుకని బీరువాల తాళాలు, రికార్డు గది తాళం తెచ్చి కారు గుత్తికి తగిలించాడు. దాంతో ఆయన క్యాంపుకు పోతే ఆఫీసు కూడా క్యాంపుకు పోయినట్టే. కులం సర్టిఫికెట్టు కోసం వచ్చినవాడు కారు ఎప్పుడు తిరిగొస్తుందా అని రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు.

గుత్తి ఒక కొబ్బరికాయంత బరువు తూగేది. కారు గుంటలో పడ్డప్పుడల్లా ఊగి సరళ మోకాలికి తగిలేది. ఒకసారి ఆమె నిర్మలాదేవి గారిని, కారు తాళం ఒక్కటి విడిగా పెట్టుకోనా అని అడిగింది. దేవుడి దగ్గర పెట్టి కలిపిన గుత్తి, విడదీయకూడదు అన్నారావిడ. సరళ మోకాలికి గుడ్డ కట్టుకుంది.

వానలు మొదలయ్యాక కారు మొరాయించసాగింది. మొదట్లో సెల్ఫ్ తీసుకునేది కాదు. తాళం తిప్పితే చప్పుడే ఉండదు. ఇంకోసారి, మరోసారి తిప్పితే పట్టేది. తరవాత నడుస్తూ నడుస్తూ ఆగడం మొదలైంది. చక్రం గుంటలో పడగానే ఎదురుగా మీటరు బోర్డులో లైట్లు ఒక్కసారి రెప్పవేసినట్టు ఆరేవి. ఇంజన్ ఆగిపోయేది. తాళం వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి, కొంచెం కదిలిస్తే, ఏమీ జరగనట్టు లేచేది.

ఇలా ఆగినప్పుడు ఉదయ్ భాస్కర్ సారు దిగడు. సీట్లో కూర్చునే ఫోన్ తీస్తాడు. లేడీ డ్రైవరండీ, అందుకే లేటు అని అవతలివాళ్లకు చెప్తాడు. అవతల నవ్వు వినిపిస్తుంది. ఈయనా నవ్వుతాడు. చివరకు ఆ మాట ఆయనకు ఎంత అలవాటైందంటే, ఇంటి దగ్గర నిద్ర లేవడం ఆలస్యమైన రోజు కూడా అదే చెప్పేవాడు.

“సరళా, స్టీరింగ్ అంటే రొట్టెలు చేసే పీట కాదు. చెయ్యి కొంచెం మెత్తగా పెట్టాలె” అన్నాడొకరోజు.

“మెత్తగనే పెడుతున్న సార్. తాళం కాడనే ఏదో పట్టు ఇడుస్తాంది.”

“తాళం ఏం చేస్తది? నీ చెయ్యే మంచిగ లేదు.”

ఆ మాట అంటుకుంది. అటెండర్ అన్నాడు. టీ కొట్టువాడు అన్నాడు. వెంకటప్పయ్య గారు అన్నారు. మనకు రోగం పేరు తెలియకపోతే మనిషి పేరు పెట్టేయడం ఎంత సులువో! కారు బాగోలేదంటే మెకానిక్ కావాలి. చెయ్యి బాగోలేదంటే ఎవరూ అక్కర్లేదు.

నిర్మలాదేవి గారి వైద్యం వేరు. కారు ఆగిందని విన్నప్పుడల్లా ఆమె దిష్టి అనుకునేవారు. వెంటనే గుత్తికి ఏదో ఒకటి కలిపేవారు. ఒకసారి రాగి తాయెత్తు. ఒకసారి చిన్న ఇత్తడి గంట. ఒకసారి నల్లపూసల దండకు కట్టిన గుర్రపు నాడా ముక్క. భద్రాచలం వెళ్లొచ్చిన చుట్టమల్లా ఒక బిళ్ల తెచ్చేవాడు. రక్ష పెరిగేకొద్దీ కారు ఇంకా ఎక్కువగా ఆగేది. ఎక్కువగా ఆగేకొద్దీ రక్ష పెరిగేది.

చండ్రుగొండలో ఆటో ఎలక్ట్రీషియన్ చందూలాల్. పక్క తండా మనిషి. తన చెవి మీద తనకు అపారమైన గౌరవం. బండి రోడ్డు మలుపులో ఉండగానే రోగం చెప్తానంటాడు. సరళ కారు తెస్తే బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, బ్యాటరీ అన్నాడు. బ్యాటరీ మార్చారు. మర్నాడు కారు ఆగింది. మళ్లీ వస్తే, సెల్ఫ్ మోటారు అన్నాడు. విప్పి, తుడిచి, బిగించాడు. కారు ఆగింది. మూడోసారి తేగానే, నువ్వు తాళం గట్టిగ తిప్పుతున్నవేమో చెల్లె అన్నాడు. చెవి ఓడిపోయినచోట చెయ్యి దొరికింది.

ఇంతలో వెంకటప్పయ్య గారు ఒక పరీక్ష పెట్టారు. ఆదివారం తల్లాడలో చుట్టాల పెళ్లి. డ్రైవర్ వద్దు, నేనే నడుపుతాను, కారుదా తప్పు, అమ్మాయిదా తప్పు తేలిపోతుంది అన్నారు. ఆ ఉదయం నిర్మలాదేవి గారు తలస్నానానికి పోతూ గుత్తిని పూజ గదిలో పెట్టి తలుపుకు తాళం వేసుకున్నారు. ముహూర్తం మించిపోతోందని ఆయన బీరువాలోంచి రెండో తాళం తీశారు. అది కారు కొన్నప్పుడు కంపెనీవాళ్లు ఇచ్చిన వట్టి తాళం. దానికి బిళ్ల లేదు, గంట లేదు, లక్ష్మి లేదు.

కారు పెళ్లికి పోయింది, వచ్చింది. దారిలో గుంటలన్నీ అలాగే ఉన్నాయి. ఎక్కడా ఆగలేదు. వెంకటప్పయ్య గారు దిగుతూనే కాళ్లు కడుక్కోకుండా ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేశారు. “తేలిపోయిందండీ. నా చేతిలో వెన్నలా నడిచింది. లోపం బండిలో లేదు.”

ఇలాంటి పరీక్షలు మన దేశంలో చాలా జరుగుతాయి. ఒకడి మెడలో రాయి కట్టి ఈదమంటారు, ఇంకొకడిని రాయి లేకుండా ఈదమంటారు, ఈత ఎవరి జాతిలో ఉందో రాసి పెడతారు.

సోమవారం సరళను పిలిచి, ఇంకోసారి ఆగితే వేరే డ్రైవర్‌ను చూసుకుంటామని చెప్పారు. ఆమె తల ఊపింది. వెంకటప్పయ్య గారు పెళ్లి నుంచి వచ్చి రెండో తాళాన్ని స్విచ్చిలోనే మరిచిపోయారు. నిర్మలాదేవి గారు నోము పనిలో ఉండి గుత్తి సంగతి చూసుకోలేదు. సరళ ఆ వట్టి తాళంతోనే సారును పినపాక తీసుకెళ్లింది. పోయేటప్పుడు గాని వచ్చేటప్పుడు గాని ఒక్కసారి కూడా ఆగలేదు. మణుగూరు దాటాక బొగ్గు లారీలు తవ్విపోసిన రోడ్డు మీద కూడా ఆగలేదు. సారు వెనక సీట్లో గురకపెట్టాడు. దిగేటప్పుడు, భయం చెప్తే ఎంత మంచిగ నడిపినవో చూడు అని మెచ్చుకున్నాడు.

మంగళవారం గుత్తి గూట్లోకి వచ్చింది. దానికి కొత్తగా ఎర్రదారంతో కట్టిన శంఖం కూడా ఉంది. ఆ పొద్దునే అడవిలో దిగుడు మీద, మలుపు తిరుగుతుండగా చక్రం గుంటలో పడింది. గుత్తి ఊగింది. లైట్లు ఆరాయి. ఇంజన్ ఆగింది. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బండలా బిగుస్తుంది, బ్రేకు కాలికి ఎదురు తిరుగుతుంది. వెనక బొగ్గు టిప్పర్ హారన్ కొడుతూ దిగుతోంది. సరళ రెండు చేతులతో స్టీరింగ్ లాగి, బ్రేకు మీద నిలబడ్డట్టు తొక్కి, కారును మట్టి అంచుకు తెచ్చింది. టిప్పర్ పక్కనుంచి గాలి కొట్టుకుంటూ పోయింది. ఉదయ్ భాస్కర్ సారు కారు ఆగినప్పుడు తనంతట తాను దిగడం అదే మొదటిసారి. దిగి, రోడ్డు పక్కన నిలబడి, ఆమె చెయ్యిని తిట్టాడు. ఆ చెయ్యే తనను రోడ్డు పక్కన నిలబెట్టిందని ఆయనకు తట్టలేదు.

ఆయన తిడుతున్నంతసేపూ సరళ గుత్తినే చూస్తోంది. నిన్న ఇదే కారు. ఇదే చెయ్యి. ఇంతకంటే పాడు రోడ్డు. మారింది ఒక్కటే. ఆమె అరచేతిని గుత్తి కింద పెట్టి బరువు లేపి, తాళం తిప్పింది. ఇంజన్ లేచింది. ఊరు చేరేదాకా ఎడమ చెయ్యి గుత్తి కిందే పెట్టి, గేరు మార్చేటప్పుడు మాత్రం తీస్తూ నడిపింది.

సారును దింపి నేరుగా చందూలాల్ దగ్గరికి పోయింది. ఈసారి బానెట్ మీద చెయ్యి పెట్టనివ్వలేదు.

“అన్నా, చెవి పక్కన పెట్టు. నేను చెప్పినకాడ చూడు.”

“ఏందే, డ్రైవర్‌వా, డాక్టర్‌వా?”

“రోగిని. జల్దీ చూడు.”

చందూలాల్ నవ్వి, పని మొదలుపెట్టాడు. ముందు హారన్ కొట్టాడు, గట్టిగా మోగింది. పెద్ద లైట్లు వేశాడు, ధగధగా వెలిగాయి. అంటే బ్యాటరీ బాగుంది. బ్యాటరీ నుంచి ఒక వైరు నేరుగా సెల్ఫ్ మోటారుకు తాకించాడు. గిర్రున తిరిగింది. అంటే అదీ బాగుంది. కరెంటు పుట్టేచోట పుడుతోంది, పనిచేసే చోట పనిచేస్తోంది. మరి మధ్యలో ఎక్కడ పోతున్నట్టు? స్టీరింగ్ కింద ప్లాస్టిక్ మూత స్క్రూలు విప్పాడు. తాళం దూరే గొట్టం వెనక, వైర్లన్నీ వచ్చి చేరే చిన్న డబ్బా లాంటిది కనిపించింది. అదే ఇగ్నిషన్ స్విచ్. దాని నుంచి బయటికి పోయే వైరుకు, కరెంటు వస్తే వెలిగే టెస్ట్ లైట్ కొస పెట్టి, తాళం తిప్పమన్నాడు.

సరళ తిప్పింది. బల్బు వెలిగింది. అరచేత్తో గుత్తిని ఎత్తి పట్టుకుంది, బల్బు నిలకడగా ఉంది. గుత్తిని వదిలి చిన్నగా ఊపింది. బల్బు మిణుకుమంది. ఇంకొంచెం ఊపింది. ఆరిపోయింది.

చందూలాల్ తన చెవిని నమ్మకుండా గుత్తిని తనే ఇంకోసారి ఊపి చూశాడు. ఆయన జీవితంలో అది అరుదైన సంగతి. తరవాత, “నాకు మొదట్నుంచే గీ కీ స్విచ్ మీదనే అనుమానం” అన్నాడు.

“మరి బ్యాటరీ ఎందుకు మార్పిచ్చినవ్ అన్నా?”

“గది కూడా పాతగైంది గదా.”

సరళ వెంకటప్పయ్య గారికి ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆయన మిర్చి తూకాల దగ్గర ఉన్నారు. ఏదో ఒకటి చేయించి తగలెయ్యి, రేపు బండి ఆగకూడదు అన్నారు. అనుమతి దొరికినట్టే. ఖమ్మం నుంచి మధ్యాహ్నం బస్సులో కొత్త స్విచ్ వచ్చింది. చందూలాల్ బ్యాటరీ టెర్మినల్ విప్పాడు. వెనక వైర్ల సాకెట్ లాగి, పాత స్విచ్ స్క్రూలు తీసి, దాన్ని గుడ్డ మీద పెట్టి విడదీశాడు. లోపల ఇత్తడి పాయింట్లు ఒకపక్కకే అరిగి వాలిపోయి ఉన్నాయి. నిప్పురవ్వలు కొట్టికొట్టి నల్లగా మాడాయి. స్ప్రింగ్ నీరసించింది. ఆ బరువు రోజంతా ఊగుతూ తాళాన్ని వెనక్కి లాగితే, తాళం ఈ పాయింట్లను లాగింది. అవి పట్టు వదిలినప్పుడల్లా కారు ఆగింది. మనిషి వేలెడంత సామాను. దానికి ఒక పడిపోయిన ఇల్లు, ఒక మూతబడ్డ మిల్లు, ఒక సర్కారు ఆఫీసు, ఒక దేవస్థానం అన్నీ వేలాడేశారు.

కొత్త స్విచ్ బిగించాడు. తాళం గొట్టంలో కూడా అరుగుదల ఉందని, నూనె పోస్తే దుమ్ము పట్టి ఇంకా చెడుతుందని చెప్పి, పెన్సిలు ములుకు గీకి ఆ పొడి ఊదాడు. తాళం పెట్టి తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. టెస్ట్ లైట్ పెట్టి కదిలించి చూశారు, వెలుగు చెక్కుచెదరలేదు. చివరగా చందూలాల్ రింగు తెరిచి కారు తాళాన్ని విడిగా తీసి ఆమె చేతిలో పెట్టాడు. గుత్తిని ఇంకో చేతిలో పెట్టాడు. ఇది మళ్లీ తగిలిస్తే కొత్తది కూడా గిట్లనే పోతది, మీ దొరసానికి చెప్పు అన్నాడు.

చెప్పడం అనేది ఆమె చేసిన నేరం.

సాయంత్రం సరళ గూట్లో కారు తాళం ఒకపక్క, గుత్తి ఒకపక్క పెట్టి, నిర్మలాదేవి గారిని పిలిచి జరిగింది చెప్పింది. ఆవిడ స్విచ్ మాట వినలేదు. గూట్లో రెండుగా పడి ఉన్న తాళాలనే చూశారు.

“ఎవర్ని అడిగి విడదీశావు?”

“బరువుకు లోపల స్విచ్ అరిగిపోయిందమ్మా. అందుకే కారు ఆగుతాంది. నా చెయ్యి కాదు.”

“దేవుడు బరువయ్యాడా నీకు?”

“దేవుడు బరువు కాలేదమ్మా. తలుపుల్లేని తాళాలు బరువైనయ్.”

ఆ ఇంట్లో చేరినప్పటి నుంచి సరళ అన్న మొదటి ఎదురుమాట అది. అబద్ధమైతే క్షమించేవారేమో. ఉదయ్ భాస్కర్ సారుకు కూడా కబురు వెళ్లింది. తన బీరువా తాళాలు ఒక మెకానిక్ కొట్లో బల్ల మీద పడి ఉన్నాయని తెలిసి ఆయనకు ఆఫీసు రహస్యాలన్నీ గుర్తొచ్చాయి. చండ్రుగొండ ఆఫీసులో అంత రహస్యమేముందో ఆ బీరువాలోని బొద్దింకలే చెప్పాలి. మొత్తానికి వెంకటప్పయ్య గారితో కలిపి ముగ్గురూ ఒక్కమాట మీదికి వచ్చారు. కారు ఆగినందుకు కాదు, కారు ఆగకుండా చేసినందుకు సరళ పని పోయింది. మర్నాడు పొద్దున ఆమె వెళ్లేసరికి కారు లేదు. రాజు తీసుకెళ్లాడని పనిమనిషి చెప్పింది.

ఇక రాజు ప్రతాపం. కొత్త స్విచ్ మీద కూర్చున్నాడు కాబట్టి కారు గుర్రంలా పరుగెత్తింది. మిగిలిన వానాకాలమంతా ఒక్కసారి కూడా ఆగలేదు. ఉదయ్ భాస్కర్ సారు కొత్తగూడెం మీటింగుల్లో, చెయ్యి మారింది, బండి మారింది అని చెప్పుకున్నాడు. గుత్తిని మళ్లీ ఒక్కటి చేసి, నిర్మలాదేవి గారు అపచారానికి శాంతి చేయించి, దానికో కొత్త బిళ్ల తగిలించారు. స్విచ్ కొత్తది కాబట్టి ఇప్పటికి మోస్తోంది. ఎన్నాళ్లు మోస్తుందో చందూలాల్‌ను అడిగితే చెప్తాడు. కాకపోతే అది అరిగిన రోజు రాజు చెయ్యి మంచిది కాదని ఎవరూ అనరు. కంపెనీ సామాను నాసిరకం అంటారు.

సరళ వేరే బండ్ల కోసం తిరిగింది. ఒక స్కూలు వ్యాన్ ఓనరు ఆమెను కూర్చోబెట్టి, అంతా విని, మెల్లగా చెప్పాడు. “నడుపుడు నీకొచ్చు, నేనెరుగుదు. కని నీ చేతిల బండి ఆగుతదని పేరు పడ్డది. పిల్లల తల్లులకు నేనేం చెప్పాలె?” ఇంకొకాయన ఫోన్లోనే నవ్వాడు. తండాలో పదో తరగతి అయిపోయిన ఒక పిల్ల డ్రైవింగ్ నేర్చుకుంటానని సరళ చుట్టూ తిరిగేది. ఇప్పుడు ఆ పిల్ల తల్లి వద్దంటోంది. సరళకే దిక్కులేదు, నీకెవరిస్తరు బండి అంటోంది. సరళ భయపడింది సరిగ్గా ఇందుకే. ఇప్పుడామె తండ్రి లాగే ఎవరి చేన్లోనో ట్రాక్టర్ తోలుతోంది. అక్కడ చెయ్యి బాగానే ఉందట.

చందూలాల్ పాత స్విచ్‌ను పారేయలేదు. సీసాలో పెట్టి కొట్టు ముందు వేలాడదీశాడు. వచ్చినవాళ్లందరికీ తను దాన్ని ఎలా కనిపెట్టాడో చెప్తాడు. ఆ కథలో సరళ అప్పుడప్పుడు వస్తుంది, బ్యాటరీ అసలు రాదు. అయినా, అడిగితే వచ్చి ఎక్కడైనా చెప్తానన్నాడు. బ్యాటరీ సంగతి మాత్రం ఎవరూ అడగకూడదట.

సరళ కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి తన మాట చెప్పుకుంది. ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, డ్రైవర్‌ను పెట్టుకోవడం, మానిపించడం బండి యజమాని సొంత వ్యవహారం. అలాగా? ఆడ డ్రైవర్ ఉందని చూపించి ఆ కారును ఆఫీసుకు కుదుర్చుకున్నప్పుడు అది ఎవరి వ్యవహారం? ఆ షరతు వల్ల వెనకబడిన మిగతా కార్ల ఓనర్లు ఇప్పుడు ఏం చేయాలి? ఆడమనిషి పేరు మీద కిరాయికి కుదిరిన బండిలో ఇవాళ మేనల్లుడు కూర్చుంటే ఆ ఆఫీసుకు కళ్లు లేవా? బీరువాలకు తాళాలు వేసుకున్నంత జాగ్రత్తగా షరతులు కూడా చూసుకోవాలి కదా.

అందుకే ఇది చదువుతున్న మీతో పని పడింది. వచ్చే సోమవారం సరళ మళ్లీ ప్రజావాణికి వెళుతోంది. పోయినసారి ఒక్కతే వెళ్లింది. ఒక్క మనిషి మాటకు ఒక్క కాగితంతో జవాబిచ్చి పంపడం ఎవరికైనా సులువే. చండ్రుగొండ చుట్టుపక్కల వాళ్లు, ఆ కారులో ప్రయాణం చేసినవాళ్లు, ఆఫీసు పని మీద ఆ కారు కోసం ఎదురుచూసినవాళ్లు ఆమె వెంట రండి. శిక్షణ తీసుకుని లైసెన్సు ట్రంకు పెట్టెలో దాచుకున్న ఆడవాళ్లు మరీ మరీ రండి. మీ మండలంలో ఏ ఆఫీసైనా ఆడ డ్రైవర్ షరతుతో కారు తీసుకుని ఉంటే, ఇప్పుడు ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో చూసి రండి. అక్కడ మనం అడగాల్సింది పెద్ద ప్రశ్నేమీ కాదు. కారు బాగుపడింది స్విచ్ మారాకనా, డ్రైవర్ మారాకనా? ఈ రెండిట్లో ఏది ముందు జరిగిందో చందూలాల్‌ను పిలిచి విచారించమనండి, సరళకు ఆమె సీటు ఇప్పించమనండి. జవాబు చెప్పేవరకు అక్కడినుంచి కదలకండి.